అవసరాల వరుసలో ఆడవాళ్ళ చోటెక్కడ?

(మచిలీపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోషియాలజీ చదువుకునే రోజుల్లో అబ్రహాం మాస్లో సిద్ధాంతాన్ని మాకు పాఠంగా చెప్పారు. 1943లో ఆయన మనిషి అవసరాలను ఒక వరుసలో పెట్టాడు. ముందు ఆకలిదప్పులు, తర్వాత భద్రత, ప్రేమ, గౌరవం, చివరగా తనలోని శక్తులను వికసింపజేసుకోవడం. ఈ వరుస అందరిలోనూ ఒకేలా ఉండదని కూడా ఆయనే రాశాడు. ఆ మాట వదిలేసి, "ముందు కూడు, తర్వాతే హక్కులు" అని మనకు చెప్పేవాళ్ళే ఎక్కువ.

ఈ వరుస మీద నాకు మొదట అనుమానం కలిగింది దివిసీమలో. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత నాగాయలంక వైపు తిరుగుతున్నప్పుడు ఒక పెద్దావిడ నాతో అంది: "నీళ్ళు తీశాక ఒంటి మీద గుడ్డ లేదమ్మా. అన్నం పొట్లాలు పంచుతున్నారని కేకలేశారు. మగాళ్ళు గోచీలతో పోయి తెచ్చుకున్నారు. నేనెట్టా పోను? చీర దొరికిందాకా చెట్టు చాటునే కూచున్నా."

ఆమెకు ఆకలి కంటే మానం ఎక్కువని దీనికి అర్థం కాదు. చీర లేకుండా ఆమె అన్నం దాకా వెళ్ళలేకపోయింది. ఒకే ఆకలి, ఒకే ఉప్పెన. అయినా మగవాడికి తెరిచిన దారి ఆమెకు మూసుకుపోయింది.

ఇది ఉప్పెన నాటి మాటే కాదు. ఇక్కడ బందరులో చేపల గంప దించి అమ్ముకునే ఒక అక్క, బజారులో మరుగు లేదని పొద్దుటినుంచీ గుక్కెడు నీళ్ళు తాగదు. దాహం మొదటి అవసరమే. అది తీరాలంటే తలుపున్న మరుగుదొడ్డి కావాలి.

గుడివాడ దగ్గర కూలి కుటుంబాల్లో నేనే ఒక పొరపాటు చేశాను. నా ప్రశ్నావళిలో "రోజుకు ఎన్ని పూటలు తింటారు?" అని రాసుకున్నాను. అందరూ "రెండు పూటలు" అన్నారు. "చివర ఎవరు తింటారు, వాళ్ళకేం మిగులుతుంది?" అని అడగలేదు. ఆకలి తీరిన ఇంటి కింద లెక్క వేసుకున్న చోట, ఆ ఇల్లాలు గంజితో సరిపెట్టుకుని ఉండొచ్చు. కుటుంబాన్ని ఒకే మనిషిగా లెక్కేస్తే వచ్చే తప్పు ఇది.

మరి ముందు కడుపు నిండాలా, చైతన్యం రావాలా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కడుపు నిండేదాకా ఆగలేదు. అక్షరాస్యత తరగతుల్లో తమ బతుకుల గురించి మాట్లాడుకుని, 1992లో సారా అమ్మకాన్ని ఆపించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. ఆ గెలుపు నిలవకపోయినా, మాస్లో వరుసలో చివరన ఉన్నది ఇక్కడ ముందు నడిచింది. సారా కొట్టుకు పోయే కూలి డబ్బు ఇంటికి చేరాలన్న పోరాటం పలక పట్టిన చోట పుట్టింది.

ఆకలిని నేను చిన్నది చేయడం లేదు. ఆకలితో ఉన్న మనిషికి అన్నమే పెట్టాలి. ఆ అన్నం ఆడమనిషి నోటిదాకా చేరాలంటే గౌరవం, భద్రత, ఆమె మాటకు విలువ కూడా అక్కడే, అప్పుడే ఉండాలి. వీటిని తర్వాతికి వాయిదా వేస్తే అన్నం కూడా వాయిదా పడుతుంది.

అందుకే మీకొక మనవి. ఇకమీదట సర్వేకి వెళ్ళినా, తుపాను సహాయానికి వెళ్ళినా మూడు ప్రశ్నలు అడగండి. ఇంట్లో చివర తినేది ఎవరు? ఆడవాళ్ళు చీకటి పడేదాకా దేనికోసం ఆగుతున్నారు? సహాయం ఎవరి చేతికి అందుతోంది? జవాబులు ఆడవాళ్ళ నోటే వినండి. ఏది ముందో వాళ్ళే చెబుతారు.