బటర్‌క్రీమ్ కొనేముందు, కొన్నాక

ఇంట్లోనే పుట్టినరోజు కేకు చేసేవాళ్లలో కొందరు అలంకరణకు రెడీమేడ్ బటర్‌క్రీమ్ కొంటారు. కొనేముందు లేబుల్ చదవండి. పదార్థాల్లో మొదట రాసిందే బరువులో ఎక్కువ. ఉన్నది అసలు వెన్నా, వనస్పతి కొవ్వా అక్కడే తెలుస్తుంది. గడువు తేదీ చూడండి. శాకాహారులు ఆకుపచ్చ గుర్తు కూడా చూసుకోండి.

వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. అందుకే మన ఎండాకాలంలో క్రీముతో వేసిన పూలు బయట నిలవవు. డబ్బా తెరిచాక గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. లేకపోతే ఉల్లి, వెల్లుల్లి వాసన ఇట్టే పట్టేస్తుంది. వాడేముందు బయటపెట్టి, మెత్తబడ్డాక మళ్లీ గిలక్కొట్టండి. తడి చెంచా ముంచకండి. తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో లేబుల్ మీద రాసినట్టే పాటించండి. రంగు, వాసన మారితే మొహమాటపడకుండా పారేయండి. తినేది మన పిల్లలే కదా!