మహాధమని చీలిక: ఏ పటము ఎప్పుడు తీయవలెను?



రజతోత్సవ వేళ నేనేదో కావ్యమును గూర్చి ప్రసంగింతునని పలువురు తలచియుందురు. నేను వైద్యుడను కాను. గ్రామ లెక్కలు వ్రాయువాడను. అయినను గ్రంథాలయము ప్రాణము నిలుపు విద్యకు కూడ నెలవు కావలెనను తలంపుతో ఒక వ్యాధిని గూర్చి, దానిని కనుగొను పటపరీక్షలను గూర్చి చదివి తెలిసికొన్నది మనవి చేయుచున్నాను.

గుండె నుండి వెడలు రక్తమును దేహమంతటికి కొనిపోవు పెద్దనాళము మహాధమని. దీనినే వైద్యులు అయోర్టా అందురు. దాని గోడకు మూడు పొరలు. చెరువు తూములో గచ్చు ఒకచోట పగిలినచో నీరు గచ్చునకును రాతికిని నడుమ దూరి, గచ్చును ఊడదీసికొనుచు పోవును గదా! అట్లే లోపలి పొర చిరిగినప్పుడు రక్తము పొరల నడుమ మరియొక దారి చేసికొనును. చిరకాలము అదుపులేని రక్తపోటు దీనికి ముఖ్యకారణము. కొన్ని వంశములలో ఆ గోడ పుట్టుకతోనే బలహీనముగ నుండును. గుండెను అంటియున్న పైభాగమున చీలినచో వెంటనే శస్త్రచికిత్స కావలెను. అది జరుగనిచో తొలి రెండు దినములలో గంటగంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున మరణింతురని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. క్రిందికి దిగిన భాగమున మాత్రమే చీలి, ఇతర ఉపద్రవములు లేనిచో, నొప్పిని రక్తపోటును తగ్గించు మందులే తొలిచికిత్స.

చిక్కేమనగా, ఈ నొప్పి గుండెపోటు నొప్పిని పోలియుండును. నలోపాఖ్యానమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దమయంతి యెదుట ఒకే రూపున ఐదుగురు నలులు నిలిచిరి. ఆమె రూపమును నమ్మక, రెప్పపాటు, చెమట, నీడ, నేల నంటిన పాదము అను గురుతులను చూచి నలుని వరించినది. ఇచ్చటను గురుతు తప్పినచో అనర్థమే. గుండెపోటునకు వాడు, రక్తపు గడ్డలను కరగించు మందు చీలిక గల రోగికి ప్రాణాంతకము కావచ్చును.

మరి ఏ పరీక్ష ఈ గురుతును పట్టును? పొలము హద్దు తగవునకు పహాణీ తెచ్చిన లాభమేమి? సాగు ఎవరిదో పహాణీ చెప్పును. హద్దు తెలియుటకు నక్షా కావలెను. ఇ.సి.జి. గుండెలోని విద్యుత్తు నడకను చూపునే గాని మహాధమని గోడను చూపదు. ఎక్స్‌రేలో ఆ నాళపు నీడ వెడల్పుగ కనబడవచ్చును. కాని ఎక్స్‌రే బాగున్నంత మాత్రమున చీలిక లేదనరాదు.

నక్షా వంటి పరీక్షలు మూడు. మొదటిది సీటీ యాంజియోగ్రామ్. చేతి నరములోనికి అయొడిన్ మందు ఎక్కించి, కొలది నిమిషములలో మహాధమనినంతయు చిత్రించును. చీలిక ఎచ్చట మొదలై ఎంతవరకు పోయినదో తెలియును. కనుక అనుమానము బలముగనున్నచో సాధారణముగ దీనినే ముందు తీయుదురు. రెండవది అన్నవాహిక గుండా గొట్టమును దింపి చేయు ఎకో. కదల్చరాని రోగికి మంచము కడనే చేయవచ్చును. నేర్పరియగు వైద్యుడు కావలెను. మూడవది ఎమ్మారై. అందు ఎక్స్‌కిరణములు లేవు, చిత్రమును స్పష్టము. కాని అది కాలము తీసికొనును. అపాయస్థితిలోని రోగికి కాలమే కరవు. నిలకడగ నున్నవారికిని, చికిత్స పిదప ఏండ్ల తరబడి చూచుకొనుటకును అది తగును. అన్నింటికంటె అందమైన పటము కాదు, ఆ రోగికి ఆ గడియలో అక్కరకు వచ్చు పటమే ఉత్తమము.

అట్లని రొమ్మునొప్పి వచ్చిన ప్రతివానికి సీటీ తీయనక్కరలేదు. అనుమానము తక్కువగనున్నప్పుడు డి-డైమర్ అను రక్తపరీక్ష చేసి, అది హద్దులో నున్నచో ఈ చీలిక లేదని వైద్యులు నిశ్చయింపవచ్చును.

1760లో ఇంగ్లండు రాజు రెండవ జార్జి మరణించిన పిమ్మట, శవపరీక్షలో గాని ఆయన చీలిక బయటపడలేదు. రాజవైద్యులుండియు చూచు సాధనము లేకపోయెను. 1950లలో ఈ వ్యాధికి శస్త్రచికిత్స మార్గము చూపిన అమెరికా వైద్యుడు మైకేల్ డిబేకీకే 2005 డిసెంబరు 31న ఈ చీలిక కలిగినది. అప్పటికి ఆయనకు 97 ఏండ్లు. 2006 ఫిబ్రవరిలో శస్త్రచికిత్స పొంది 2008 వరకు జీవించెను. సకాలమున కనుగొనుటకును కనుగొనలేకపోవుటకును గల అంతరమిది.

పరీక్షను ఎన్నుకొనుట వైద్యుని పని. అందుకు ఆధారమిచ్చుట మన పని. నొప్పి ఏ క్షణమున మొదలైనది, మొదలగుటయే తీవ్రముగ చీల్చినట్లున్నదా, వీపునకు ప్రాకినదా, కాలుచేయి చచ్చుబడెనా, రక్తపోటు ఉన్నదా, ఇంటిలో ఎవరైన ఇట్లు హఠాత్తుగ పోయిరా, ఇవి స్పష్టముగ చెప్పవలెను. రెండు చేతులను రక్తపోటు చూడుడని అడుగవచ్చును. భేదము మిక్కుటముగనున్నచో అదియును ఒక గురుతే. వాయునొప్పియని సోడా త్రాగించి తెల్లవారువరకు వేచియుండరాదు. భువనగిరి నుండి హైదరాబాదు సుమారు 50 కిలోమీటర్లు. 108కు ఫోను చేసి, సీటీయు గుండె శస్త్రచికిత్సయు ఒకేచోట గల ఆసుపత్రికి చేర్చుడని కోరుడు. రెండు మూడు ఆసుపత్రులు తిరుగు వేళకే ప్రాణము పోవచ్చును.

అంతకంటె ముందు, రక్తపోటు మాత్రలు వైద్యుడు చెప్పినట్లు మానక వేసికొనుడు. గచ్చు పగులకుండ కాపాడుకొన్న తూమునకు గండి భయము తక్కువ గదా!