బిడ్డ పుట్టిన దినమున

గ్రామ పంచాయతీ సభ్యులారా!

మంచినీరు, వీధిదీపములు, బాటలు - వీనిని గురించి మీరు నెలనెలా చర్చించుచున్నారు. నేడు మేము మీ ముందుంచు విషయము ఒక్క దినమునకు సంబంధించినది. అది బిడ్డ పుట్టిన దినము.

హెపటైటిస్ బి కాలేయమునకు పట్టు వ్యాధి. తల్లి రక్తమున ఈ వైరస్ ఉన్నచో కాన్పు సమయమున బిడ్డకు సోకవచ్చును. ఆరోగ్యవంతులైన పెద్దలకు సోకినచో, నూటికి 95 మంది కోలుకొందురు. పసికందులకు సోకినచో నూటికి సుమారు 90 మందిలో అది నిలిచిపోవును. ఏండ్లు గడచిన పిమ్మట కాలేయము చెడుటకు, క్యాన్సరునకు కారణము కావచ్చును.

"ఆమె కన్నులు పచ్చబడలేదు గదా!" అని కొందరందురు. పొరపాటు అచ్చటనే ఉన్నది. వైరస్ ఉన్న తల్లి నిండు ఆరోగ్యముతో కనిపించవచ్చును. రక్తపరీక్ష తప్ప వేరు దారి లేదు. గర్భము నిలిచిన తొలి మాసములలోనే పరీక్ష జరుగవలెను. జరుగనిచో, నొప్పులతో ఆసుపత్రికి వచ్చినప్పుడైనను జరుపవలెను. కొన్ని రక్తపు చుక్కలు, కొద్ది నిమిషములు చాలును.

తల్లి పరీక్షాఫలితము ఎట్లున్నను, ప్రతి బిడ్డకును 24 గంటలలోగా తొలి టీకా పడవలెను. తల్లికి వైరస్ ఉన్నట్లు తేలినచో, వైద్యులు బిడ్డకు ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మరియొక సూదిమందును కూడ, వీలైనచో 12 గంటలలోగా, ఇత్తురు. పిదప 6, 10, 14 వారములకు మిగిలిన టీకాలు వేయింపవలెను. తల్లి నిస్సంకోచముగా చనుబాలు ఇయ్యవచ్చును.

ఒకప్పుడు ఈ టీకా విదేశములనుండి వచ్చెడిది. పేదలకు అందని వెల. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ దీనిని జన్యు విధానమున మన దేశముననే తయారుచేసి విడుదల చేసెను. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది ఉచితము. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద తల్లికిని పరీక్ష, చికిత్స ఉచితమే.

మరి మీ పని యేమి? మన యాడపడుచులు తొలి కాన్పునకు పుట్టింటికి పోవుదురు. పరీక్ష వ్రాసిన కార్డు అత్తవారింటి పెట్టెలో ఉండిపోవును. ఆశా కార్యకర్తతో కూర్చుండి గర్భిణుల పట్టీని చూడుడు. కార్డులో పరీక్షాఫలితము ఉన్నదా, ఆ కార్డు ఆమెవెంట పోయినదా అని విచారింపుడు. దారిలోనో ఇంటిలోనో ప్రసవమైనచో, తల్లీబిడ్డలను ఆ దినముననే ఆసుపత్రికి చేర్చు వాహనము చూడుడు.

ఇంకొక మాట. ఫలితము తల్లికిని వైద్యునికిని తెలిసిన చాలును, రచ్చబండకు తెలియనక్కరలేదు. కలిసి భుజించుటచేత, తాకుటచేత ఈ వ్యాధి అంటదు. నింద పడునను భయమున్నచో ఏ తల్లియు పరీక్షకు రాదు.

నామకరణమునకు 21 దినములు ఆగవచ్చును. ఈ టీకాకు ఒక దినము దాటరాదు.