గిటారు పేర్లు - మన నోళ్ళు

(మన సంఘం ఉగాది సభలో సంగీత శాఖ పక్షాన చేసిన ప్రసంగం)



ఉగాది సభలో పంచాంగం చదవటం, పద్యం చెప్పటం ఆచారం. మేము గిటారు పేర్లను గురించి మాట్లాడతామంటే కార్యదర్శిగారు కొంచెంసేపు మా ముఖాలవంక చూచి, "పచ్చడికి ముందా, తరువాతా?" అని అడిగారు. తరువాతే అన్నాము. ఈ సంగతిలో కూడా తీపీ చేదూ రెండూ వున్నవి.

మేము ఆదివారాలు సంఘం మేడమీద పిల్లలకు సంగీతం నేర్పుతున్నాము. వీణకు ఇద్దరు, ఫిడేలుకు నలుగురు, గిటారుకు పదకొండుమంది. కాలం అట్లా వుంది, మాకు కోపం లేదు. నిరుడు వారిలో ఒక పన్నెండేళ్ళ పిల్లవాడు తాతగారిని వెంటబెట్టుకొని గిటారు కొనటానికి బజారుకు వెళ్ళాడు. ఆరు నెలలుగా మనసులో దాచుకొన్న పేరును అంగడిలో మొదటిసారి పైకి అన్నాడు: "ఇబానెజ్ చూపించండి." బల్లవెనుక వున్న యువకుడు నవ్వాడు. ప్రక్కవాడికి చెప్పి మళ్ళీ నవ్వాడు. "ఐబనెజ్, తంబీ, ఐబనెజ్" అన్నాడు. పిల్లవాడు ఏమీ కొనకుండానే ఇంటికి వచ్చాడు. తరువాత రెండు ఆదివారాలు తరగతికి రాలేదు.

తాతగారు మావద్దకు వచ్చి, "ఆ కుర్రవాడు అన్నదే ఒప్పా అండీ? మావాడిది తప్పేనా?" అని అడిగారు. మాకు తెలియదు. తెలియదనటానికి సిగ్గుపడి, కనుక్కొని చెబుతామన్నాము. కనుక్కొన్నదే ఇప్పుడు మనవి చేస్తున్నాము.

ఆ పేరు స్పెయిన్ దేశంలో, వలెన్సియా నగరంలో గిటారులు చేసిన సాల్వడోర్ అనే ఆయన ఇంటిపేరు. వారి లిపిలో 'న' అక్షరంమీద అలవంటి చిన్న గీత వుంటే దానిని 'న్య' అని పలుకుతారు. మన అక్షరమాలలో పనిలేక కూర్చున్న 'ఞ' వున్నదే, దాదాపు అదే ధ్వని. ఆదివారాన్ని మన తమిళ సోదరులు ఏమంటారో తలచుకోండి, నోటికి వచ్చేస్తుంది. కనుక స్పెయినులో అది 'ఇబాన్యెత్'. సముద్రం దాటి దక్షిణ అమెరికాకు పోతే 'ఇబాన్యెస్'. జపానులో నగోయా నగరపు హోషినో కంపెనీవారు 1929 నుంచి ఆయన గిటారులను తెప్పించి అమ్మి, తరువాత తాము చేయించిన వాద్యాలకు కూడా ఆ పేరే పెట్టుకొన్నారు. వారు దానిని 'ఐబనీజు' అంటారు. అమెరికాలో 'ఐబనెజ్' అనేది వాడుక. అంటే అంగడి యువకుడు చెప్పినది అమెరికా వాడుక. మన పిల్లవాడు అన్నది, మొదటి రెండు అక్షరాలవరకు, పేరు పుట్టిన ఇంటి పలుకు. నవ్వవలసినంత తప్పు ఎవరిదీ కాదు.

జపానువారు చివర 'ఉ' చేర్చటం గమనించారా? బస్‌ను వారు 'బసు' అంటారు. మన అమ్మమ్మలు బస్సు, కారు, గిటారు అనలేదూ? హల్లుతో మాట ముగియటం మనవలెనే వారికీ రుచించదు.

అందుకే జపాను పేర్లు మనకు సులభం. 'తకమినె' అనే గిటారు వుంది. గిఫు ప్రాంతంలో దానిని చేసే ఊరి దగ్గర వున్న కొండపేరు అది. ఎత్తైన శిఖరమని అర్థం. ఇంగ్లీషు అలవాటైన నోరు దానిని 'టాకమీని' అని సాగదీస్తుంది. జపాను పద్ధతిలో నాలుగూ పొట్టి అక్షరాలే, నాలుగూ సమానమే: త-క-మి-నె. మన లిపిలో వ్రాస్తే వేరే గుర్తులేమీ అక్కరలేదు.

జర్మనీనుంచి వచ్చిన పేర్లు కొంత బెదిరిస్తాయి. 1883లో అమెరికాలో బ్రూక్లిన్‌లో ఒక జర్మను వలసదారు పెట్టిన కంపెనీపేరు ఇంగ్లీషులో చూస్తే చివర నాలుగు హల్లులు వరుసగా నిలబడి వుంటాయి. నాలుగూ కలిసి ఒక్క 'చ్' మాత్రమే: 'గ్రెచ్'. 'ఎపిఫోన్' పేరులో ఒక గ్రీకు కుటుంబం కథ వుంది. ఎపమినోండాస్ అనే ఆయనను ఇంట్లో 'ఎపి' అనేవారు. తన ముద్దుపేరుకు, ధ్వని అనే అర్థంగల 'ఫోన్' చేర్చి 1928లో కంపెనీకి పెట్టుకొన్నాడు. ఈ కథ తెలిస్తే 'ఎపిఫొని' అని ఎవరూ పొరపడరు. 'లెస్ పాల్'లోని లెస్ అనేది లెస్టర్‌కు కుదింపు. దానిని ఫ్రెంచి మాట అనుకొని 'లే' అనవద్దు.

'హోఫ్నర్' మాత్రం మన లిపికి అందదు. మొదటి అచ్చు 'ఓ' కాదు, 'ఏ' కాదు. పెదవులను 'ఓ' అన్నట్లు గుండ్రంగా పెట్టి, లోపల 'ఏ' అనాలి. ఇది అసాధ్యమేమీ కాదు. తమిళం అనే మాటలో తమిళులు పలికే చివరి ధ్వనికి ఇప్పటి తెలుగులో అక్షరం లేదు. పాత శాసనాలలో వుండేది, జారిపోయింది. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఆ ధ్వనిని చక్కగా పలుకుతారు. పుస్తకం చూచి నేర్వలేదు, ప్రక్కింటి పిల్లలతో ఆడుకొని నేర్చారు.

ఇక అసలు మాట. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ప, బ లకు ఒకటే అక్షరం. అందుచేత కాగితం చూచి పిలిచే కొత్తవారి నోట మన గంగయ్య కంగయ్య అవుతాడు, బాలమ్మ పాలమ్మ అవుతుంది. అది లిపి గుణం, మనిషి దోషం కాదు. మనం సర్దుకొని బదులు పలుకుతాము. ఆంధ్రదేశంనుంచి పెళ్ళికి వచ్చిన బంధువులు మన తెలుగు విని నవ్వుతారు. అది మాత్రం గుచ్చుకుంటుంది. ఆ నవ్వు తరువాత మన పిల్లలు వారిముందు తెలుగు మాట్లాడటం మానివేయటం మనమందరం చూచినదే. అంగడిలో మా పిల్లవాడు విన్నది ఆ నవ్వే. ఒక నవ్వుకు ఒక పిల్లవాడు సంగీతం మానుకొనేవాడు. ఒక నవ్వుకు ఒక ఇంట్లో భాష ఆగిపోగలదు.

పరాయి పేరు మనదయ్యేది వాడుకవల్లనే. బెంగుళూరులో 1893లో పుట్టి విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని జనం ఫిడేలు నాయుడుగారన్నారు. ఆ 'ఫిడేలు' ఇంగ్లీషువాడి ఉచ్చారణ కాదని ఎవరైనా నవ్వారా?

మూడవ ఆదివారం తాతగారు మనుమణ్ణి చెయ్యిపట్టి తీసుకొచ్చారు. మేము నల్లబల్లమీద ఈ పేర్లన్నీ తెలుగులో వ్రాసి చదవమన్నాము. వాడికి బడిలో తమిళం, ఇంగ్లీషు; తెలుగు కూడబలుక్కొని చదువుతాడు. "త... క... మి... నె" అన్నాడు. అట్లా కూడబలుక్కొనటమే అక్కడ సరైన ఉచ్చారణ అయింది. ఆ మాటే చెప్పాము. వాడు మళ్ళీ చదివి, "అయితే మాస్టారూ, తెలుగు వస్తే ఇవి వస్తాయా?" అన్నాడు. అన్నీ రావు, చాలా వస్తాయి అన్నాము.

కనుక పిల్లలారా, తెలియని పేరు ఎదురైతే అది ఎవరి పేరో కనుక్కోండి. ఆ ఊరివారు పలుకగా వినండి. విన్నదానిని తెలుగులో వ్రాసుకోండి. అంగడిలో సందేహం వస్తే "మీరు దీనిని ఎట్లా పలుకుతారు?" అని అడగండి, అడగటంలో చిన్నతనం లేదు. పెద్దలకు మా మనవి ఒక్కటే: దిద్దండి, నవ్వకండి.