ఇమ్రోజ్ — తొమ్మిది నెలల పత్రిక
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

 

నేటి ప్రసంగమునకు మేము ఒక ఉర్దూ దినపత్రికను విషయముగా గైకొన్నాము. తెలుగువారి బడిలో ఉర్దూ పత్రిక ప్రసక్తి యెందుకని కొందరు మమ్ము అడిగిరి. కారణము కలదు. మన బడికి సమీపముననే ఉర్దూ పాఠశాల యొకటి యున్నది. ఆ పిల్లల భాషను మన పిల్లలు ఎగతాళి చేయుట యీ సంవత్సరము మా చెవిని పడినది. దండించుటకంటె ఒక చరిత్ర చెప్పుట మేలని తలచితిమి.

నిజాము ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానమున అధికసంఖ్యాకుల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడములు. రాజభాష మాత్రము ఉర్దూ. ప్రజల మొర ప్రభువుల చెవిని పడవలెనన్న ఆ భాషలోనే చెప్పవలసియుండెను. అందుచేతనే తెలుగువారైన మందుముల నరసింగరావుగారు "రయ్యత్" అను ఉర్దూ పత్రికను నడపిరి.

అందు పనిచేసిన యువకుడు షోయబుల్లాఖాన్. అతడు 1920లో నేటి మహబూబాబాదు ప్రాంతమున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడాయెను. రయ్యత్ ప్రభుత్వాగ్రహమునకు గురియై నిలిచిపోగా, 1947 నవంబరులో "ఇమ్రోజ్" అను దినపత్రికను స్థాపించెను. బూర్గుల రామకృష్ణారావుగారు అండగా నిలిచిరి. ఇమ్రోజ్ అనగా "ఈ దినము" అని యర్థము.

ఆ పత్రిక విధానము స్పష్టమైనది. సంస్థానము భారత యూనియనులో చేరవలెను. ప్రజలకు బాధ్యత వహించు ప్రభుత్వము రావలెను. రజాకార్ల దౌర్జన్యములు ఆగవలెను. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిము ప్రముఖులు విలీనమును కోరుచు చేసిన ప్రకటనను ఇమ్రోజ్ ప్రచురించెను. బెదరింపులు వచ్చినను సంపాదకుడు కలము దింపలేదు.

ఆగస్టు 21వ తేదీ రాత్రి, పని ముగించుకొని కాచిగూడ ప్రాంతములోని యింటికి మరలుచుండగా, దుండగులు అతనిని తుపాకితో కాల్చిరి. వ్రాసిన చేతిని నరికిరి. వెంటనున్న బావమరిదిని సైతము గాయపరచిరి. తెల్లవారకమునుపే షోయబుల్లాఖాన్ కన్నుమూసెను. అప్పటికి అతనికి 27 ఏండ్లు. నెల తిరుగకమునుపే, సెప్టెంబరు 17న, నిజాము లొంగిపోయెను. అతడు కోరినది జరిగెను. చూచుటకు అతడు లేడు.

విద్యార్థులారా, ఇందు గమనింపవలసినది యొకటి యున్నది. నిజామును కీర్తించినవారిలో ఉర్దూలో వ్రాసినవారు కలరు. నిజామును ప్రతిఘటించిన ఇమ్రోజ్ కూడ ఉర్దూలోనే వెలువడెను. కావున భాషకు పక్షము లేదు. దానిని పలుకు మనుజునికే పక్షము. పరులకు నీతి చెప్పుట సులభము. తనవారికి రుచింపని సత్యమును తనవారి భాషలోనే తనవారికి చెప్పుట కష్టము. షోయబుల్లాఖాన్ చేసిన పని యదియే.

పొరుగు రాష్ట్రమున తరతరములుగా నివసించుచు, తెలుగును కాపాడుకొనవలెనని యీ బడిని నిలుపుకొన్నవారము మనము. మన భాషను ఎవరైన పరిహసించినచో మన మనస్సు నొచ్చును గదా! ఆ నొప్పి యెరిగిన మనమే మరియొకరి భాషను పరిహసించుట తగునా? రేపు బడికి వచ్చు త్రోవలో ఆ పిల్లలు ఎదురైనప్పుడు, ముందుగా మీరే పలుకరింపుడు. మా ప్రసంగమునకు అంతకుమించిన ఫలము మేము కోరము.

సెలవు.