హిమాలయములలో పదిమందితో నడక
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గడచిన వేసవి సెలవులలో మేమిరువురము ఉపాధ్యాయులము నేపాలు దేశమునకు పోయి, ఎవరెస్టు శిఖరపు అడుగున నున్న శిబిరస్థలము వరకు ఒక జట్టుతో కలిసి నడచితిమి. ఆ యాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు కోరిరి. మంచుకొండల సౌందర్యమును మీరు చిత్రపటములలో చూడవచ్చును. ముక్కుమొగము తెలియని పదిమంది కలిసి కొండనెక్కుటకు ఏ నియమములు కావలెనో ఆ పటములలో కానరాదు. ఆ సంగతినే ముఖ్యముగా విన్నవింతుము.

రుసుము చెల్లించి జట్టులో చేరి హిమాలయములలో నడచు పద్ధతి మిక్కిలి పాతది కాదు. 1953 మే 29న టెన్సింగు నార్గే, ఎడ్మండు హిల్లరీ ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. అటుపిమ్మట 1964లో జిమ్మీ రాబర్ట్సు అను విశ్రాంత బ్రిటిషు సైనికోద్యోగి 'మౌంటెన్ ట్రావెల్' అను సంస్థను నెలకొల్పి, మరుసటి యేట ముగ్గురు అమెరికా స్త్రీలను తొలిజట్టుగా నడిపించెను. నాడు యాత్రికులు గుడారములలో పరుండెడివారు. నేడు ఈ దారి పొడవునను బసలు వెలసియున్నవి.

ఖాట్మండులో మేము చేరిన జట్టులో పదిమందిమి. దేశములు వేరు, భాషలు వేరు, వయస్సులు వేరు. అందరికంటె పెద్దది అరువదియేండ్లు దాటిన యొక యమ్మగారు. అందరికంటె చిన్నవాడు ఇరువదిరెండేండ్ల యువకుడు, తన యన్నతో వచ్చినవాడు. మా మార్గదర్శి షెర్పా. ఈ మాటకు మోతకూలీ యని అర్థమని మనలో పలువురి తలంపు. అది యొక జాతి పేరు. తూర్పువారు అని దాని యర్థము. ఆయన తనవారితో షెర్పా భాషను, కూలీలతో నేపాలీని, జట్టుతో ఇంగ్లీషును, మాతో హిందీని మాటలాడుచుండెను. 1961లో హిల్లరీ ఖుంజుంగు గ్రామమున కట్టించిన బడిలో తాను చదివితినని చెప్పెను. ఇంట నొక భాష, వీధిలో నొక భాష, బడిలో మరియొక భాష యెరిగిన మన పిల్లలకు ఇది వింత గాదు.

విమానము దిగిన లుక్లా 2,860 మీటర్ల యెత్తున నున్నది. నామ్చే బజారు 3,440 మీటర్లు, డింగ్‌బోచే 4,410 మీటర్లు, శిబిరస్థలము 5,364 మీటర్లు. గాలిలో ప్రాణవాయువు పాలు ఎచ్చటనైనను నూటికి ఇరువదియొకటియే. కాని పైకి పోయినకొలది గాలి యొత్తిడి తగ్గును. శిబిరస్థలమున అది సముద్రతీరమున నుండుదానిలో ఇంచుమించు సగమే. శరీరము దీనికి అలవడుటకు దినములు పట్టును. కావున మూడువేల మీటర్లు దాటిన పిమ్మట ఒక రాత్రి పరుండిన యెత్తునకును మరునాటి రాత్రి పరుండు నెత్తునకును అయిదువందల మీటర్లకు మించి భేదముండరాదనియు, మూడు నాలుగు దినముల కొకమారు ఆగవలెననియు వైద్యులు చెప్పుదురు. అందుచేతనే నామ్చేలో నొకనాడు, డింగ్‌బోచేలో నొకనాడు ఆగితిమి. దారిలో మా మార్గదర్శి మాటిమాటికి 'బిస్తారై, బిస్తారై' అనుచుండెను. నేపాలీలో 'మెల్లగా, మెల్లగా' యని దాని భావము. మన పెద్దలు నిదానమే ప్రధానమన్నది ఇదియే గదా.

మొదటి దినముననే ఆయన రెండు నియమములు చెప్పెను. అందరికంటె మెల్లగా నడచువారి నడకయే జట్టు నడక. తలనొప్పి గాని, వాంతి గాని, నిద్రలేమి గాని కలిగినచో ఆ పూటనే చెప్పవలెను.

ఆ యువకుడు ప్రతిదినము అందరికంటె ముందు నడచెడివాడు. డింగ్‌బోచేలో రెండవనాటి రాత్రి అతడు అన్నము ముట్టలేదు. రెండుమారులు వాంతి యయ్యెను. తలనొప్పి రెండు దినములనుండి యున్నదనియు, చెప్పినచో వెనుకకు పంపుదురేమో యని దాచితిననియు అప్పుడు చెప్పెను. మడమకు వ్రేలు తగులునట్లు తిన్నని గీతపై మార్గదర్శి అతనిని నడిపించి చూచెను. అడుగు తడబడినచో మెదడునకు వాపు వచ్చుచున్నదని గుర్తట. అడుగు తడబడలేదు. కాని తెల్లవారినను నొప్పి తగ్గలేదు.

శిబిరస్థలము ఇక రెండు దినముల నడక. రెండేండ్లు కూడబెట్టిన ధనముతో వచ్చినవాడు. "మాత్రలు వేసికొని నడచెదను" అని అతడు కన్నీరు పెట్టుకొనెను. జట్టులో కొందరికి జాలి కలిగి, ఒక దినము ఇచ్చటనే యాగుదమనిరి. మార్గదర్శి కోపపడలేదు, మెత్తబడనులేదు. "ఈ వ్యాధికి నిజమైన మందు క్రిందికి దిగుటయే. కొండ వచ్చే యేడును ఇచ్చటనే యుండును" అనెను. సమీపమున ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ అను సంస్థ వైద్యశాల కలదు. ఆ సంస్థ 1973లో ఏర్పడినది. అచ్చటి వైద్యులును ఆ మాటయే చెప్పిరి. అన్నగారు ఒక్క మాటయు పలుకక తన సంచిని గూడ కట్టుకొని తమ్మునితో దిగిపోయెను. ఉపమార్గదర్శి యొకడు, కూలీ యొకడు వారివెంట నడచిరి.

మిగిలిన యెనిమిదిమందిమి శిబిరస్థలమును చేరితిమి. అచ్చటినుండి ఎవరెస్టు శిఖరము కనబడదు. మరునాటి యుదయమున కాలాపత్థరు గుట్ట నెక్కి దర్శించితిమి. నిజామాబాదు జిల్లా గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, టిబెట్టు వైపునుండి ఆ కొన నెక్కినదని తోడివారికి చెప్పితిమి. ఆ యమ్మగారు మా యందరితో సమముగా అచ్చట నిలిచియుండిరి. ఆమె నడకను బట్టియే మేము నడచితిమి గాన ఎవ్వరికిని ఆయాసము మితిమీరలేదు.

మా బరువులు మోసిన కూలీలను మరువరాదు. వారిలో రాయి, తమాంగు జాతులవారు పలువురు. వారును మనవలెనే ఎత్తునకు జబ్బుపడుదురు. కూలీల రక్షణకై 1997లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘము నేపాలులో ఒక్కొక్కరిపై ముప్పది కిలోలకు మించి మోపరాదని నియమించినది. జట్టులో చేరగోరువారు రుసుము ఎంతయని యడుగుటకు ముందు, కూలీలకు వెచ్చని దుస్తులు, బస, బీమా కలవా యని యడుగవలెను.

తిరుగుదారిలో నామ్చేలో ఆ యన్నదమ్ములు మాకెదురు వచ్చిరి. తమ్ముడు పళ్లెము నిండ పప్పన్నము తినుచుండెను. మార్గదర్శి లెక్కలో జట్టు సుఖముగా యాత్ర ముగించినది ఆనాడే.

విద్యార్థులారా, మీరును రేపు జట్టులుగా విహారయాత్రలకు పోదురు. వెనుకబడినవారిని కనిపెట్టి నడువుడు. బాధ కలిగినచో దాచకుడు. తోడివాడు దిగవలసివచ్చినప్పుడు అతనితో దిగుటకు సిద్ధముగా నుండుడు.