స్నేహితులం కదా, కాగితాలెందుకు?

నేను లాయరుని కాను, ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. చదవకుండా సంతకం పెట్టి నేర్చుకున్న పాఠం ఒకటి చెబుతాను.

2008 తర్వాత కాలిఫోర్నియాలో శాక్రమెంటో వైపు ఇళ్ళ ధరలు బాగా పడిపోయాయి. 2011లో నేనూ, ఇంజనీరింగులో నా రూమ్మేటూ చెరిసగం వేసుకుని అక్కడొక ఇల్లు కొని అద్దెకిచ్చాం. ముక్కూ మొహం తెలియని అద్దెవాళ్ళతో పేజీలకొద్దీ లీజు రాసుకున్నాం. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క ఎక్సెల్ షీటు. టైటిల్ ఎలా కావాలని అడిగితే "జాయింట్ టెనెంట్స్" అన్నాం. జాయింట్ అంటే ఉమ్మడే కదా అనుకున్నాం! మా ఆవిడా, వాళ్ళావిడా చూపించిన చోటల్లా సంతకాలు పెట్టారు.

2016లో మావాడు గుండెపోటుతో పోయాడు. కర్మలన్నీ అయ్యాక కాగితాలు తీసి చూస్తే గుండె ఆగినంత పనైంది. జాయింట్ టెనెన్సీలో ఒకరు పోతే ఆ వాటా బతికున్నవారిదే. విల్లు రాసినా చెల్లదు. మరణ ధ్రువపత్రంతో అఫిడవిట్ రికార్డు చేయిస్తే ఇల్లంతా నాదే! "అన్నయ్యా, పిల్లలకి వాళ్ళ నాన్న వాటా వస్తుంది కదా?" అని చెల్లెమ్మ అడిగితే తలెత్తలేకపోయాను. లాయరుని పెట్టి సగం రాసిచ్చాను. అది "గిఫ్ట్" అయి కూర్చుంది, ఐఆర్ఎస్‌కి 709 ఫారం పంపాల్సి వచ్చింది. అదే ముందు పోయింది నేనైతే?

అందుకే కలిసి కొనేవాళ్ళు "టెనెంట్స్ ఇన్ కామన్"గా, ఎవరి వాటా ఎంతో డీడులో రాయించుకోండి. అప్పుడు వాటా వారసులకి వెళుతుంది. దానితోపాటు వేరే అగ్రిమెంటు ఉండాలి. ఇల్లు ఖాళీగా ఉన్న నెలల్లో వాయిదా ఎవరు కట్టాలి? రూఫు మార్చాలంటే ఎవరెంత? ఒకరు ఇండియా వెళ్ళిపోతే రెండోవారు ఏ ధరకి కొనాలి? ఇద్దరూ సంతకం చేసిన లోనుకి మొత్తం బాకీ ఒక్కరినే అడిగే హక్కు బ్యాంకుకుంది. మాట చెడి ఒకరు పార్టిషన్ కోసం కోర్టుకెక్కితే ఇల్లు అమ్మించేయవచ్చు. ఎల్ఎల్‌సీ పెట్టుకున్నా ఆపరేటింగ్ అగ్రిమెంటు తప్పదు. కాలిఫోర్నియాలో ఏటా కనీసం 800 డాలర్ల పన్ను అదనం. రాష్ట్రానికో పద్ధతి కాబట్టి మీ ఊరి లాయరుని అడగండి.

కాగితం రాసుకోవడం స్నేహితుణ్ణి అనుమానించడం కాదండీ. మనం లేని రోజున మన పిల్లలు ఇంకొకరి మంచితనం మీద ఆధారపడకూడదు, అంతే.